ఏది ముందు, ఏది తర్వాత: కొత్తగా పాఠం చెప్పబోతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి స్రవంతికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన సిలబస్ కాగితం నిదానంగా చదివాను. రెండో సంవత్సరం మెకానికల్ పిల్లలకి ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, న్యూమరికల్ మెథడ్స్, మూడూ కలిపి ఒకే పేపరు, అయిదు యూనిట్లు. "ఉన్న వరసలోనే చెప్పుకుంటూ పోనా, లేక మార్చుకోవచ్చా పెదనాన్నా?" అని అడిగావు. మార్చుకోవచ్చమ్మా, మార్చుకోవాలి కూడా. ఈ సబ్జెక్టు పిల్లలకి తలకెక్కకపోవడానికి సగం కారణం వరసేనని నా గట్టి నమ్మకం. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక పని చెయ్యి. సిలబస్‌లో ఉన్న ప్రతి అంశాన్నీ ఒక్కో చీటీ మీద రాసి నేల మీద పరుచు. ఒక్కో చీటీ దగ్గర ఆగి, "ఇది అర్థం కావాలంటే అంతకుముందే ఏది తెలిసి ఉండాలి?" అని ప్రశ్నించుకో. తెలిసి ఉండాల్సిన చీటీ నుంచి దీనికి సుద్దముక్కతో బాణం గీయి. తెలిస్తే మంచిదే అనిపించేవాటికి బాణం వద్దు. అది తెలియకపోతే పిల్లవాడు ఇక్కడ ఆగిపోతాడు అనుకున్నప్పుడే గీయి. ఇలా చేస్తే బాణాలు నువ్వు అనుకున్నదానికన్నా చాలా తక్కువ వస్తాయి.

ఆ తర్వాత పని కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి బాగా తెలిసినదే. 1962లో కాన్ అనే ఆయన రాసిన పద్ధతి. ఏ చీటీకి లోపలికి వచ్చే బాణం ఒక్కటీ లేదో దాన్ని ముందు తీసెయ్యాలి. దాంతోపాటు దాని నుంచి బయల్దేరే బాణాలూ పోతాయి. దాంతో ఇంకొన్ని చీటీలకి బాణాలు లేకుండా పోతాయి. వాటిని తీసెయ్యాలి. ఇలా తీసిన వరసే చెప్పాల్సిన వరస. ఒక్కో దశలో తీయదగ్గ చీటీలు రెండు మూడు ఉంటాయి కాబట్టి సరైన వరస ఒక్కటే ఉండదు. నీ ఇష్టానికి చోటు అక్కడ ఉంది. ఎంత తీసినా కొన్ని చీటీలు మిగిలిపోయి ఒకదానికొకటి బాణాలు చూపించుకుంటూ ఉంటే, అక్కడ చక్రం ఉన్నట్టు.

మన సబ్జెక్టులో చక్రాలు నిజంగానే ఉన్నాయి. పిల్లలు తప్పిపోయేది కూడా సరిగ్గా ఆ చోట్లలోనే. ఒకటి చెప్తాను చూడు. స్టాండర్డ్ డీవియేషన్‌లో ఎన్‌తో, అంటే కొలతల సంఖ్యతో కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తారు? అది చెప్పాలంటే శాంపుళ్ళు మళ్ళీ మళ్ళీ తీస్తే జవాబులు ఎలా మారతాయో తెలియాలి. అది తెలియాలంటే మార్పుని కొలిచే సాధనం కావాలి, అంటే స్టాండర్డ్ డీవియేషన్. తిరిగి తిరిగి మొదటికే వచ్చాం. మామూలుగా ఇక్కడ "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్" అని ఒక మాట బోర్డు మీద రాసి పాఠం ముందుకి నడిపిస్తారు. పిల్లలు ఆ మాటని నాలుగేళ్ళూ అర్థం లేకుండా మోస్తారు.

చక్రాన్ని తెంచడానికి ఒక చీటీని రెండు చీటీలు చెయ్యాలి. మొదటి రోజు ముతకగా చెప్పు: సగటు నుంచి దూరాలు, వాటి వర్గాలు, ఎన్‌తో భాగించు, వర్గమూలం తియ్యి. సైంటిఫిక్ కాల్క్యులేటర్‌లో రెండు రకాల స్టాండర్డ్ డీవియేషన్లు కనిపిస్తాయి కాబట్టి తెలివైనవాడు ఎవడో ఒకడు అడుగుతాడు. "మంచి ప్రశ్న, నాలుగో వారంలో చూద్దాం" అని చెప్పు, ఆ వారంలో తప్పకుండా చూపించు. ఎలాగంటే, పాచికలు తీసుకెళ్ళు. పాచిక విలువల సగటు 3.5, వేరియన్స్ (వర్గమూలం తియ్యకముందు ఉండే విలువ) 35/12, అంటే దాదాపు 2.92. ఒక్కొక్కరినీ పాచిక రెండేసి సార్లు వేసి, ఆ రెండు అంకెలతో వేరియన్స్ కట్టమను. ఒక్కొక్కరు పది జతలు చేస్తే క్లాసు మొత్తానికి కొన్ని వందల జవాబులు వస్తాయి. 2తో భాగించిన జవాబుల సగటు 1.46 దగ్గర తేలుతుంది, అసలులో సరిగ్గా సగం. 1తో భాగిస్తే 2.92 దగ్గరికి వస్తుంది. వేసిన రెండు అంకెల సగటు ఆ రెండిటి నడుమే ఉంటుంది కానీ 3.5 దగ్గర ఉండదు కదా, అందుకే దూరాలు అసలుకన్నా తక్కువగా కనిపిస్తాయి. ఈ మాట నువ్వు చెప్పక్కర్లేదు, వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు చెప్తారు. అప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పేరు పెట్టు.

బాణాలు నిజాయితీగా గీస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. టెక్స్ట్‌బుక్‌లో ముందున్నవి అన్నీ ముందు అవసరమైనవి కావు. మన పుస్తకాలన్నీ సంభావ్యత స్వయంసిద్ధాలతో మొదలవుతాయి. ఆ స్వయంసిద్ధాలని కోల్మోగొరోవ్ ఇచ్చింది 1933లో. కొలతలకి దగ్గరగా గీత అమర్చే లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిని లెజెండ్ర్ అచ్చు వేయించింది 1805లో. బీరు కంపెనీలో పనిచేస్తూ గాసెట్ చిన్న శాంపుళ్ళకి వాడే టి-పంపిణీ కనిపెట్టింది 1908లో. అంటే ఆ స్వయంసిద్ధాలు లేకుండానే వీళ్ళు పని జరుపుకున్నారు. చరిత్ర వరసే పాఠం వరస కావాలని నేననను. కానీ కట్టడం పూర్తయ్యాక దాన్ని చక్కగా సర్ది చూపించే వరస వేరు, కొత్తవాడు లోపలికి వచ్చే వరస వేరు.

హైపాథిసిస్ టెస్టింగ్, అంటే ఒక మాటని కొలతలతో పరీక్షించడం, ఆ సంగతే తీసుకో. మీ సిలబస్‌లో నాలుగో యూనిట్. నార్మల్ డిస్ట్రిబ్యూషన్, సెంట్రల్ లిమిట్ థీరమ్, జెడ్-టేబుల్ అన్నీ అయ్యాక గానీ రాదు. అప్పటికి పిల్లలు టేబుల్ చూడడంలో మునిగిపోయి, అసలు ఏం అడుగుతున్నామో మర్చిపోతారు. నిజానికి పి-వాల్యూకి (ఊరికే ఊహించినా ఇంత మంచి ఫలితం వచ్చే అవకాశానికి) లోపలికి వచ్చే బాణం ఒక్కటే, ఇంటర్‌లో చదువుకున్న కాంబినేషన్స్. ఫిషర్ 1935లో వివరించిన టీ ప్రయోగం నీకు తెలిసిందే. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా చెప్పగలనన్న ఆవిడకి ఎనిమిది కప్పులు, నాలుగు అలా, నాలుగు ఇలా. మనం పాలూ టీ కలిపి కాచేవాళ్ళం కాబట్టి దాన్ని కాస్త మార్చు. ఎనిమిది గ్లాసులు, నాలుగింట్లో థమ్స్‌అప్, నాలుగింట్లో కోక్. రుచి చూసి చెప్పగలనని పందెం వేసేవాడు ప్రతి క్లాసులోనూ ఉంటాడు. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకోవడానికి 70 దారులు. ఏమీ తెలియకుండా ఊహించి అన్నీ సరిగ్గా చెప్పడానికి అవకాశం 70లో 1, అంటే నూటికి ఒకటిన్నర కంటే తక్కువ. మూడు సరిగ్గా చెప్పి ఒకటి తప్పితే? అది 16 దారుల్లో జరుగుతుంది, అన్నీ సరిగ్గా చెప్పిన ఒక్కటీ కలుపుకుంటే 17. 70లో 17 అంటే దాదాపు నూటికి పాతిక. అలాంటివాణ్ణి నమ్ముతామా? ఈ చర్చ ఒక్క గంటలో అయిపోతుంది. దీన్ని రెండో వారంలోనే చెయ్యి. టి-టెస్ట్ వచ్చేసరికి వాళ్ళకి ప్రశ్న తెలిసే ఉంటుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది లెక్క ఒక్కటే.

మీ పిల్లలు మెకానికల్ వాళ్ళు కాబట్టి ఇంకోటి కూడా ముందుకు జరుపు. కంట్రోల్ చార్టు. 1924లో బెల్ కంపెనీలో షూహార్ట్ మొదలుపెట్టిన పద్ధతి. పుస్తకాల్లో చివరి అధ్యాయం, చాలా కాలేజీల్లో టైమ్ చాలక వదిలేస్తారు. కానీ దాని చీటీకి వచ్చే బాణాలు లెక్కపెట్టి చూడు. వర్క్‌షాప్‌లో లేత్ మీద పిల్లలు చేసిన టర్నింగ్ జాబ్‌ల వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించు, చేసిన వరసలోనే రాయించు. పక్కపక్కనున్న రెండేసి జాబ్‌ల మధ్య తేడాలు తీసి వాటి సగటు కట్టు, 2.66తో గుణించు. మొత్తం సగటుకి పైన అంత దూరంలో ఒక గీత, కింద అంత దూరంలో ఒక గీత. కావాల్సింది సగటు, తీసివేత, అంతే. 2.66 ఎక్కడి నుంచి వచ్చిందనేది తర్వాత చీటీ. గీత దాటిన చుక్క కనిపించగానే "అక్కడ టూల్ మార్చాం మేడమ్" అని వాళ్ళే చెప్తే, మామూలు చెదురు వేరు, కారణం ఉన్న మార్పు వేరు అన్నది ఆ రోజే పట్టుబడుతుంది. నన్నడిగితే ఇంజనీరుకి స్టాటిస్టిక్స్‌లో దీన్ని మించిన మొదటి పాఠం లేదు.

రిగ్రెషన్ (కొలతలకి గీత అమర్చడం) కంటే ముందు గ్రాఫు గీయించు. గ్రాఫు కంటే ముందు, ఏ కొలతలు గ్రాఫులోకి వచ్చాయి, ఏవి రాలేదు అని అడగడం నేర్పు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలిపోయింది కదా. అంతకుముందు రాత్రి, చలికి ఓ-రింగులు (రాకెట్ అతుకుల్ని మూసి ఉంచే రబ్బరు రింగులు) దెబ్బతింటాయా అని ఇంజనీర్లు, అధికారులు చర్చించారు. దెబ్బతిన్న ప్రయాణాల ఉష్ణోగ్రతలు మాత్రమే చూస్తే చలికీ దెబ్బకీ సంబంధం స్పష్టంగా తేలలేదు. దెబ్బ తగలనివాటిని కూడా కలిపి చూస్తే, 66 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకంటే వెచ్చగా ఉన్న 20 ప్రయాణాల్లో మూడింటికే దెబ్బ, 63 డిగ్రీలు, అంతకంటే చల్లగా ఉన్న నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి. దర్యాప్తు కమిషన్ నివేదికలోనే ఉంది ఇది. లీస్ట్ స్క్వేర్స్ సూత్రం ఎంత బాగా వచ్చినా, వదిలేసిన కొలతలని అది తెచ్చిపెట్టదు. కాబట్టి ఈ చీటీ ముందు.

ఇక న్యూమరికల్ మెథడ్స్. వాటిని అయిదో యూనిట్‌లో విడిగా పెట్టారు మీ వాళ్ళు. బైసెక్షన్ ముందు, న్యూటన్-రాఫ్సన్ తర్వాత, ఆ వరస బాగానే ఉంది, ముట్టుకోకు. కానీ కంప్యూటర్ అంకెల్ని ఎలా దాచుకుంటుందనే పాఠాన్ని అక్కడిదాకా ఆపకు, వేరియన్స్ చెప్పిన వారమే చెప్పు. ఈ మూడు అంకెలు ఇవ్వు: 1000000001, 1000000002, 1000000003. సగటు నుంచి దూరాల వర్గాల మొత్తం 2 అని నోటితోనే చెప్పొచ్చు. ఇప్పుడు పుస్తకంలోని షార్ట్‌కట్ సూత్రం, వర్గాల మొత్తంలోంచి సగటు వర్గానికి ఎన్ రెట్లు తీసెయ్యడం, డబుల్ ప్రెసిషన్‌లో (ఒక్కో అంకెకి 64 బిట్లు) ప్రోగ్రామ్ రాయించు. 2 రాదు, వచ్చే అవకాశమే లేదు. అంత పెద్ద అంకెల దగ్గర కంప్యూటర్ దాచగలిగే విలువల మధ్య ఎడం 512 ఉంటుంది. కాబట్టి జవాబు సున్నా గానీ 512 గుణిజం గానీ అవుతుంది. బీజగణితంలో రెండు సూత్రాలూ ఒకటే, మెషీన్‌లో కాదు. ముందు సగటు తీసి తర్వాత దూరాలు కట్టమంటే 2 వస్తుంది. కొలతలు ఒక్కొక్కటే వస్తుంటే వాడుకోవడానికి వెల్ఫోర్డ్ 1962లో ఇచ్చిన పద్ధతి ఉంది, ఆసక్తి ఉన్నవాళ్ళకి చూపించు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళకి 1991 ఫిబ్రవరి 25 గురించి చెప్పు. సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో, శత్రు క్షిపణుల్ని అడ్డుకునే పేట్రియట్ వ్యవస్థ గడియారం సెకనులో పదో వంతుల్ని లెక్కపెట్టేది. 0.1ని బైనరీలో పూర్తిగా రాయలేం, 24 బిట్లలో కత్తిరించారు. దాదాపు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా సెకనులో మూడో వంతుకి చేరింది. వచ్చే క్షిపణిని అది పట్టుకోలేకపోయింది, 28 మంది సైనికులు పోయారు.

ఇంకో మాట, వరస ఎంత బాగా వేసుకున్నా క్లాసులో ప్రశ్న వస్తే వరస ఆపు. స్టాటిస్టిక్స్‌లో పేరున్న సి.ఆర్. రావు గారు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్ళారు. 1944లో అక్కడ పాఠం చెప్తూ, శాంపుల్ బాగా పెద్దదైనప్పుడు అంచనాల వేరియన్స్‌కి ఉండే కింది హద్దు గురించి ఫిషర్ ఫలితం చెప్పారు. "శాంపుల్ చిన్నదైతే ఏమిటి?" అని ఒక విద్యార్థి అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని జవాబు కట్టారు. 1945లో అచ్చయింది. ఇవాళ ప్రపంచమంతా క్రామెర్-రావు అని చెప్పుకునే ఫలితం అదే. అప్పటికి ఆయన నీకంటే చిన్నవాడు.

మిడ్ పరీక్షల సంగతి నాకు తెలుసు. మొదటి మిడ్‌కి రెండున్నర యూనిట్లు అయిపోవాలి, హెచ్‌ఓడీకి లెసన్ ప్లాన్ ఇవ్వాలి. అందుకని యూనిట్లని తలకిందులు చెయ్యకు. గ్లాసుల ప్రయోగం మొదటి యూనిట్‌లో కాంబినేషన్స్‌కి ఉదాహరణగా రాసుకో. టర్నింగ్ జాబ్‌లు వేరియన్స్‌కి ఉదాహరణ. మూడు అంకెల ప్రోగ్రామ్ ల్యాబ్‌లో. స్వయంసిద్ధాలు రెండో వారం చివర్లో పెట్టినా మిడ్‌కి అందుతాయి. కాగితం మీద యూనిట్లు అవే ఉంటాయి, లోపల వరస నీది. టైమ్ చాలకపోతే మొమెంట్ జనరేటింగ్ ఫంక్షన్ల దగ్గర తగ్గించు. ఈ పేపరులో దాని నుంచి ముందుకి వెళ్ళే బాణాలు దాదాపు లేవు, పరీక్షలో వచ్చే రెండు రకాల లెక్కలు చేయిస్తే చాలు.

చీటీలు పరిచి బాణాలు గీశాక ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. చక్రాలు ఎక్కడ తగిలాయో ఎర్ర సుద్దతో గుర్తు పెట్టు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ విడదీద్దాం. పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
పెదనాన్న