ఎడమ కాలు ముందు విడిపించుకో

అమ్మణ్ణీ,

మామ ఆశీస్సులు. కొత్త పెడళ్లు, బూట్లు వచ్చాయని నువ్వు పంపిన ఫోటోలు చూశాను. "ఎక్కాలంటే టెన్షన్‌గా ఉంది మామా, కాలు ఇరుక్కుపోతే ఎట్టా?" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక రాస్తున్నాను.

కాలు బిగించే పెడల్‌కి క్లిప్‌లెస్ అని పేరేంటన్నావు. పూర్వం రేసు సైకిళ్లకి పెడల్ ముందు ఒక పంజరం, దానికి తోలు పట్టీ ఉండేవి. ఆ పంజరాన్నే క్లిప్ అనేవాళ్లు. అది లేకుండా బూటుని పట్టుకునే పెడల్ కాబట్టి క్లిప్‌లెస్. లుక్ అనే ఫ్రాన్స్ కంపెనీ మంచు మీద జారే స్కీలకు బూటు బిగించే పద్ధతిని 1984లో పెడల్‌కి తెచ్చింది. ఆ మరుసటి ఏడు బెర్నార్ ఇనో అనే ఫ్రాన్స్ రేసుగాడు వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ అనే పెద్ద సైకిలు రేసు గెలిచాడు. నువ్వు కొన్నది షిమానో అనే జపాన్ కంపెనీ 1990లో తెచ్చిన ఎస్‌పీడీ రకం. పెడల్లో ఇరుక్కునే చిన్న ఇనప ముక్కని క్లీట్ అంటారు. ఈ రకంలో అది బూటు అడుగులోకి దిగి ఉంటుంది కాబట్టి సైకిలు దిగి నడవచ్చు. మన రోడ్లకి ఇదే నయం.

బూటు పెడల్లో పెట్టడం పది నిమిషాల్లో వస్తుంది. ముంగాలితో క్లీట్ ముందుభాగాన్ని ఆనించి, మడమ దించి నొక్కితే టక్కుమంటుంది. కష్టమంతా తీయడంలోనే. చిన్నప్పటి నుంచీ మామూలు సైకిలు తొక్కిన కాలు, ఆగగానే పైకి లేస్తుంది. పైకి లాగితే వదులుతుందని నమ్మకూడదు. మడమను సైకిలుకు దూరంగా, పక్కకు తిప్పాలి. నీ క్లీట్ల మీద ఎమ్ అనే అక్షరం కనిపించింది. అవి ఎటు గట్టిగా తిప్పినా వదిలే రకం, కొత్తవాళ్లకు మంచివి. అయినా బయటికి తిప్పడమే అలవాటు చేసుకో.

ఎక్కే ముందు పెడల్ వెనక ఉన్న చిన్న స్క్రూని మూడు మిల్లీమీటర్ల అలెన్ కీతో (ఆరు పలకల కీ) మైనస్ వైపు తిప్పి, పట్టు వదులు చెయ్యి. పెడల్‌కి రెండు వైపులా ఒక్కో స్క్రూ ఉంటుంది. మొత్తం నాలుగూ తిప్పాలి. ఒక వైపే తిప్పి వదిలేస్తే, ఒకసారి సులువుగా వచ్చిన కాలు మరోసారి రాదు. అప్పుడు తప్పు నీదనుకుంటావు.

తర్వాత వరండాలో గోడ పక్కన సైకిలు పెట్టి, గోడ పట్టుకుని కూర్చో. ఒక్కో కాలు యాభై సార్లు పెట్టు, తియ్యి. పెడల్ కిందికి వచ్చినప్పుడు తీయడం తేలిక. ఆ తర్వాత గడ్డి ఉన్న గ్రౌండ్‌కి పో. నేను ఇక్కడ నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున, వాకింగ్ వాళ్లు రాకముందు నేర్చుకున్నా. ఎదురుగా ఒక రాయి పెట్టుకుని, దాని దగ్గర ఆగాలనుకుని తొక్కు. రాయి పది గజాల దూరంలో ఉండగానే ఎడమ కాలు తీసెయ్యి. గేరు తగ్గించు. ఆ తర్వాతే బ్రేకు. ఆగాక తీద్దామనుకుంటే అప్పటికే సైకిలు ఒరుగుతూ ఉంటుంది.

ఎడమ కాలే ఎందుకంటే, మనం ఎడమ పక్క తొక్కుతాం. ఒరిగితే మార్జిన్ వైపు ఒరగాలి, లారీ వైపు కాదు. వీడియోల్లో కుడికాలు తీసేవాళ్లు కనిపిస్తే, వాళ్లలో చాలామంది కుడి పక్క నడిచే దేశాలవాళ్లని గుర్తుపెట్టుకో. అట్నే, ఆగేటప్పుడు తారు మీదే ఆగు. మార్జిన్లో పల్లంగా ఉంటే నీ కాలికి నేల అందదు.

బయల్దేరేటప్పుడు కుడికాలు బిగించి ముందుకు తొక్కు, సీటెక్కు. ఎడమ కాలు వెంటనే పడకపోతే కిందికి చూడొద్దు. పాదం పెడల్ మీద ఊరికే ఆనించి రెండు చుట్లు తొక్కు, అదే పడుతుంది.

ఇక నాకు జరిగింది ఒకటి చెప్పాలి. క్లీట్లు ఒక షాపులో బిగించారు. నేను చూసుకోలేదు. నెల తర్వాత మైపాడు రోడ్డులో, చేల మధ్య, గేదెలు అడ్డం వచ్చాయి. నెమ్మదిగానే పోతున్నా, ముందుగానే మడమ తిప్పా. మడమ తిరిగింది గానీ టక్కుమనలేదు. ఇంకా తిప్పా. బూటు గుండ్రంగా తిరుగుతోంది, క్లీట్ మాత్రం పెడల్లో అట్నే ఉంది. రెండు బోల్టుల్లో ఒకటి ఎక్కడో రాలిపోయిందని తర్వాత తెలిసింది. ఎడమ పక్కకి, తడి గట్టు మీదకి పడ్డా. మోచెయ్యి చీరుకుపోయింది. గేదెలు తోలుకొస్తున్న పెద్దాయన పరిగెత్తుకొచ్చి సైకిలు పట్టుకున్నాడు. అప్పుడు బూటు పట్టీ ఊడదీసి, బూటు పెడల్‌కే వదిలేసి, ఒట్టి కాలు బయటికి లాక్కున్నా. ఎప్పుడన్నా నీకు అట్టా అయితే కంగారుపడి లాగొద్దు. సైకిలు కదులుతుండగానే పట్టీ వదులు చేసుకుని, కాలు బూట్లోంచి తియ్యి. పడక తప్పకపోతే చెయ్యి చాపకుండా హ్యాండిల్ పట్టుకునే పడు. చాపిన చేతికి మణికట్టు పోతుంది.

అందుకే బోల్టులకు కాస్త గ్రీజు రాసి, నాలుగు మిల్లీమీటర్ల కీతో నీ చేత్తో నువ్వే బిగించు. మొదటి రైడ్ అయ్యాక మళ్లీ బిగించు, తర్వాత నెలకోసారి. క్లీట్‌ని ముంగాలి ఉబ్బు కింద, ఒక పిసరు వెనక్కి పెట్టు. మోకాలు నొప్పి పుడితే ఓర్చుకుని తొక్కకుండా, పాదం సహజంగా ఎటు చూస్తుందో అటు క్లీట్‌ని కొద్దిగా తిప్పి చూడు.

కొత్తపట్నం రోడ్డు నీకు దగ్గర, మంచిదే. బీచ్‌లో మాత్రం ఆ బూట్లతో ఇసుకలో దిగొద్దు, చెప్పులు వెంట పెట్టుకో. ఇసుకకన్నా మీ నల్లరేగడి మొండిది. క్లీట్లో ఇరుక్కుని ఎండితే కాలు లోపలికీ పోదు, బయటికీ రాదు. ఒక వెదురు పుల్ల జేబులో పెట్టుకో. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటారు, వాటి మీద టైరు జారుతుంది. దూరం నుంచే ఎడమ కాలు తీసేసి, పక్క నుంచి పో. గ్రానైట్ లారీలు తిరిగే హైవే ఎక్కొద్దు, కనీసం మూడు నెలలు. ఒంగోలు బజార్లో పనులకు ఈ బూట్లు అసలు వద్దు. ఒక వైపు మామూలుగా, ఇంకో వైపు ఎస్‌పీడీ ఉండే పెడళ్లు దొరుకుతాయి. ఊళ్లో ఎక్కువ తిరిగేటట్టయితే అవి మార్చుకో.

గోడ దగ్గర యాభై అయ్యాక ఫోన్ చెయ్యి. పండక్కి వచ్చేటప్పుడు సైకిలు కూడా తీసుకురా, మైపాడు పోయొద్దాం. పాతిక కిలోమీటర్లే. బయల్దేరే ముందు నీ బోల్టులు నేను చూస్తా, నావి నువ్వు చూడు.

మీ మామ