వేగం మీరే నిర్ణయిస్తే వేగం తగ్గుతుందా?

ప్రశ్న: నా కంప్యూటర్ నుంచి స్విచ్‌కు, అంటే పరికరాలను నెట్‌వర్కులో కలిపే పెట్టెకు, కేబుల్ వేసి ఉంది. వేగం తగ్గకుండా ఉండాలని నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో ‘100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) ఫుల్ డ్యూప్లెక్స్’ అని నేనే ఎంచుకున్నాను. స్విచ్‌లో మాత్రం ఏమీ మార్చలేదు. పింగ్ (అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) చేస్తే జవాబు వెంటనే వస్తోంది, కానీ పెద్ద ఫైలు పంపితే నత్తనడకే. కార్డు పాడైందా?

జవాబు: కార్డు పాడైందనుకోవడానికి మీ వివరాల్లో ఆధారం కనిపించడం లేదు. మీరు మేలు కోరి చేసిన ఆ మార్పే ఈ ఇబ్బందికి కారణమని నా అభిప్రాయం.

ఫుల్ డ్యూప్లెక్స్‌లో ఒకే సమయంలో పంపడం, అందుకోవడం రెండూ జరుగుతాయి. హాఫ్ డ్యూప్లెక్స్‌లో లైను ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ఒకసారికి ఒక వైపు నుంచే పంపాలి. కేబుల్ తగిలించగానే రెండు చివరల పరికరాలూ తమకు ఏ వేగాలు, ఏ పద్ధతులు వచ్చో చిన్న సంకేతాల ద్వారా చెప్పుకుని, ఇద్దరికీ కుదిరిన మేలైనదాన్ని ఎంచుకుంటాయి. దీన్నే ఆటో నెగోషియేషన్ అంటారు. వేగాన్ని మీరే ఖాయం చేసేసరికి మీ కార్డు ఈ సంకేతాలు పంపడం మానేసింది. స్విచ్ మాత్రం ఇంకా వాటి కోసమే చూస్తుంది. అవి రాకపోయినా, వచ్చే సిగ్నల్ తీరును బట్టి వేగం 100 అని పోల్చుకోగలదు గానీ, డ్యూప్లెక్స్ ఏదో తెలుసుకునే దారి దానికి లేదు. అలాంటప్పుడు హాఫ్ అనే అనుకోవాలన్నది ఈథర్‌నెట్ (ఇలాంటి కేబుల్ నెట్‌వర్కుల) ప్రమాణంలోని నియమం. అలా ఒక చివర ఫుల్, మరో చివర హాఫ్ అయ్యాయి.

ఇక మీ కార్డు అవతలివారు పంపుతున్నారా అని చూడకుండా పంపేస్తుంది. స్విచ్ దాన్ని ఢీకొనడంగా భావించి తన ఫ్రేమును (ఒక విడతలో పంపే డేటా మూటను) మధ్యలోనే ఆపేస్తుంది, ఆ తెగిన ముక్క మీ కార్డుకు దోషంగా కనిపిస్తుంది. పింగ్‌లో ఒక చిన్న ప్యాకెట్టు వెళ్లాక మరొకటి వస్తుంది కాబట్టి రెండూ ఎదురుపడే సందర్భం అరుదు. ఫైలు పంపేటప్పుడు ఒక వైపు డేటా, ఎదురుగా దాని రసీదులు నిరంతరం ప్రయాణిస్తాయి. పోయినవాటిని మళ్లీ పంపుతూ, జాగ్రత్తపడి వేగం తగ్గించుకుంటూ టీసీపీ (డేటా పూర్తిగా చేరేలా చూసే పద్ధతి) కుంటుతుంది. లెక్కలు చూపే స్విచ్ అయితే ఆ పోర్టులో ‘లేట్ కొలిజన్’ అంకె, అంటే ఫ్రేములో మొదటి 64 బైట్లు దాటాక జరిగిన ఢీకొనడాల లెక్క, పెరుగుతూ ఉంటుంది. ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్లలో మీ కార్డు ప్రాపర్టీస్‌కు వెళ్లి, అడ్వాన్స్‌డ్ ట్యాబులోని ‘స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్’ను ఆటో నెగోషియేషన్‌కు మార్చండి. లినక్స్‌లో ప్రస్తుత వేగాన్ని, డ్యూప్లెక్స్‌ను చూడటానికీ మార్చడానికీ ఈథ్‌టూల్ అనే కమాండ్ ఉంది. మార్చగానే లింకు కొన్ని క్షణాలు తెగుతుంది కనుక, దూరం నుంచి రిమోట్‌గా లోపలికి వచ్చి ఈ పని చేయకండి. తిరిగి రాకపోతే తలుపు బయట మీరే మిగులుతారు.

చేతితో ఖాయం చేయాలన్న సలహా పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1995లో 100 ఎంబీపీఎస్ ప్రమాణంతో పాటే ఆటో నెగోషియేషన్ వచ్చినా, తొలినాళ్ల పరికరాలకు ఒకదానితో ఒకటి సరిగా పొసగేది కాదు. ఇప్పటికీ ఆటో నెగోషియేషన్ అనే ఈ సంప్రదింపు తెలియని పాత పరికరం ఎదురైతే ఖాయం చేయవచ్చు, కానీ రెండు చివరలా ఒకేలా చేయాలి.

ప్రశ్న: నా కార్డూ స్విచ్చూ రెండూ గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) వేగానివే, రెండూ ఆటోలోనే ఉన్నాయి. అయినా 100 ఎంబీపీఎస్ అనే చూపిస్తోంది. ‘1 గిగాబిట్’ అని ఖాయం చేయమంటారా?

జవాబు: వద్దు, ముందు కేబుల్ మార్చి చూడండి. 100కు రెండు జతల తీగలు చాలు. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కనెక్టరులోని 4, 5, 7, 8 పిన్నులకు వెళ్లే తీగల్లో ఒక్కటి తెగినా, అనేక కార్డులు ఫిర్యాదు చేయకుండా 100కు దిగిపోతాయి. పైగా రాగి తీగలపై గిగాబిట్‌కు ఆటో నెగోషియేషన్ తప్పనిసరి, ఎందుకంటే సంకేతాల లయ కోసం రెండు చివరల్లో ఎవరి గడియారాన్ని ఎవరు అనుసరించాలో తేలేది అందులోనే. చాలా డ్రైవర్లలో ‘1 గిగాబిట్’ ఎంచుకున్నా జరిగేది సంప్రదింపే; కాకపోతే కార్డు తనకు ఆ వేగం ఒక్కటే వచ్చని చెప్పుకుంటుంది. తీగ తెగి ఉంటే అప్పుడు ఆ 100 కూడా దక్కదు.