అమ్మకు పంపిన డబ్బుకు పన్ను ఉండదు

అమ్మగారికి వచ్చిన డబ్బుకు పన్ను పడుతుందా అని అడిగారు కదా, టెన్షన్ వద్దండి. డాలస్ నుంచి మీ తమ్ముడు అమ్మగారి ఖాతాకు పంపిన 12 లక్షలకు ఇక్కడ ఆమె పన్ను కట్టక్కర్లేదు, కొడుకు తల్లికిచ్చే గిఫ్టుకు పరిమితి లేదు. ఏడాదిలో 50 వేలు దాటిన గిఫ్టుకు పన్ను అని మీరు విన్న ఆ లెక్క బంధువులు కానివాళ్లు ఇచ్చే డబ్బుకు. కాకపోతే దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం అమ్మగారి ఆదాయమే, రిటర్నులో చూపాలి. ఒక గిఫ్ట్ లెటర్ రాయించి, బ్యాంకు స్టేట్‌మెంటుతో కలిపి దాచుకోండి.

అదే డబ్బు భార్యకు పంపి డిపాజిట్ చేయిస్తే, ఆ వడ్డీని ఇక్కడ భర్త ఆదాయంలోనే కలుపుతారు, 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ నుంచీ ఇదే పద్ధతి (ఇల్లంతా నడిపేది ఆవిడే అయినా!). మా అక్కకు ఇది తెలియక రిటర్ను మళ్లీ వేయాల్సి వచ్చింది.