ఎక్స్‌కర్షన్ అంటే ఎంత ప్రయాణం?

సందేహం: స్కూలు సర్క్యులర్‌లో ‘మూడు రోజుల ఎక్స్‌కర్షన్’ అని రాశారు. మూడు రోజులైతే టూర్ అనాలి కదా? దీన్ని తెలుగులో విహారయాత్ర అనవచ్చా?

సమాధానం: మూడు రోజులున్నా ఎక్స్‌కర్షన్ అనవచ్చు. ఎక్కువగా ఒక్కరోజు ప్రయాణానికే వాడతారు గానీ, ఈ మాటకు ప్రాణం రోజుల లెక్కలో లేదు, బయల్దేరిన చోటికే తిరిగి రావడంలో ఉంది. లాటిన్‌లో ‘ఎక్స్’ అంటే బయటికి, ‘కర్రెరే’ అంటే పరుగెత్తడం. కోటలోని సైనికులు ఒక్కసారిగా బయటికొచ్చి శత్రువు మీద పడి మళ్లీ లోపలికి వెళ్లిపోవడాన్ని ఒకప్పుడు ఇంగ్లిషులో ఎక్స్‌కర్షన్ అనేవారు. షేక్‌స్పియర్ నాటకాల్లో యుద్ధ ఘట్టాల దగ్గర రంగ సూచనల్లో ఈ మాట అదే అర్థంతో కనిపిస్తుంది.

రైళ్లు వచ్చాక దీనికి సరదా అర్థం బాగా స్థిరపడింది. 1841 జులై 5న థామస్ కుక్ ఇంగ్లండులో లెస్టర్ నుంచి లఫ్‌బరోకి మద్యపాన వ్యతిరేక సభ కోసం సుమారు 500 మందిని తలా ఒక షిల్లింగు టికెట్‌తో రైల్లో తీసుకెళ్లి, అదే రోజు వెనక్కి తెచ్చాడు. అలాంటివే ఎక్స్‌కర్షన్ రైళ్లు. గుంపుగా వెళ్లడమనే ఛాయ ఈ మాటకు నేటికీ ఉంది.

టూర్ అంటే చుట్టి రావడం, నాలుగు ఊళ్లు తిరగడం. ఓడలో టూర్‌కి వెళ్లినవాళ్లు రేవులో దిగి, ఊరు చూసి, మళ్లీ ఓడెక్కితే ఆ కాసేపటి తిరుగుడు ఎక్స్‌కర్షన్. అంటే టూర్‌లో ఎక్స్‌కర్షన్లు ఇముడుతాయి. మందుల నిల్వలో కూడా ఈ మాట వాడతారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వ్యాక్సిన్ పెట్టె కాసేపు 11 డిగ్రీలకు వెళ్తే అది ‘టెంపరేచర్ ఎక్స్‌కర్షన్’. గీత దాటడమన్న పాత అర్థమే అక్కడ పనిచేస్తోంది.

ట్రిప్పు సంగతి వేరు. తెలుగులో అది ‘విడత’ అయిపోయింది. ఇసుక లారీ నాలుగు ట్రిప్పులు వేసింది అంటాం, నాలుగు ఎక్స్‌కర్షన్లు అనం.

సరదాకి వెళ్తే విహారయాత్ర చక్కగా సరిపోతుంది. మ్యూజియమో, డ్యామో చూపించి పాఠం చెప్పడానికైతే విజ్ఞానయాత్ర అనండి. సాయంత్రం అలా వెళ్లొస్తే ‘షికారు’ చాలు. పారశీకంలో షికారంటే వేట. మన వాడుకలో ఆ వేట పోయి తిరగడమే మిగిలింది. యుద్ధం నుంచి ఎక్స్‌కర్షన్, వేట నుంచి షికారు రెండూ విహారానికే చేరడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

‘ఎక్స్‌కర్షన్ ట్రిప్ టూర్‌కి వెళ్లాం’ అని మాత్రం రాయకండి. మూడింటిలో ఒక్కటి చాలు.