తిరుపతిలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఏం పరిశోధిస్తారు?

తిరుపతిలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రొఫెసర్‌గా రిటైరైన మాస్టారు ఏళ్ల తరబడి ఏం పరిశోధించి ఉంటారని అడిగారు కదా. ప్రభుత్వ నిర్ణయం పల్లె దాకా ఎలా చేరుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అనే ఈ పాలనా శాస్త్రానికి మూల ప్రశ్న.

1954లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం చుట్టూ అందుకు కావలసినంత విషయం ఉంది. ముఖ్యంగా పంచాయతీరాజ్: 1959లో పంచాయతీ సమితులు (కొన్ని ఊళ్లకు కలిపి ఉండే స్థానిక సంస్థలు) వచ్చాయి, 1986 చట్టంతో వాటి స్థానంలో మండల ప్రజా పరిషత్తులు ఏర్పడ్డాయి. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు కేటాయించింది. అయితే కుర్చీలో కూర్చున్న సర్పంచమ్మ చేతికి నిజంగా అధికారం వచ్చిందా? ఇది లైబ్రరీలో తేలదు. చిత్తూరు పల్లెల్లో అరుగుల మీద కూర్చుని అడగాలి. నా దృష్టిలో ఆ ఫీల్డ్ వర్కే ఈ చదువుకు ప్రాణం.

తిరుమల కొండ మీద పాలన కూడా గొప్ప అంశమే. 1843 నుంచి మహంతుల (హాథీరాంజీ మఠాధిపతుల) చేతిలో ఉన్న ఆలయ నిర్వహణ 1933లో దేవస్థానం కమిటీకి మారింది.