గోధుమరంగు కొవ్వు, గుండెకు కాపు

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. మూడు నెలల క్రితం గుండెపోటు వస్తే విశాఖపట్నం తీసుకెళ్లి స్టెంటు వేయించాము. సూదులకు కరెంటు పెట్టే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌తో ఒంట్లోని గోధుమరంగు కొవ్వు మేలుకొని గుండెను కాపాడుతుందని తెలిసినవారు చెప్పారు. అది చేయిస్తే మాత్రలు తగ్గించవచ్చా? చలికి కూడా ఆ కొవ్వు మేలుకుంటుందని విని, నాన్నగారు మాఘమాసంలో తెల్లవారుజామున నాగావళి స్నానం చేస్తానంటున్నారు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: ముందుగా మాత్రల సంగతి. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివాటిని గుండె డాక్టరు చెప్పనిదే ఒక్క పూట కూడా మాన్పించకండి.

మన పొట్ట చుట్టూ పేరుకునే తెల్లకొవ్వు శక్తిని దాస్తే, గోధుమరంగు కొవ్వు దాన్ని ఖర్చు పెడుతుంది. ఇనుము గల మైటోకాండ్రియాలు (కణానికి శక్తినిచ్చే పొయ్యిల వంటివి) దాని కణాలలో కిక్కిరిసి ఉండటం వల్లనే ఆ రంగు వస్తుంది. వాటిలోని యూసీపీ1 అనే ప్రొటీను ఇంధనాన్ని నేరుగా వేడిగా మారుస్తుంది. పసిబిడ్డ వణకకుండానే ఒళ్లు వెచ్చగా ఉంచుకోగలగడం దీనివల్లనే. పెద్దవాళ్లలోనూ మెడ దగ్గర, జత్రుకల (మెడ కింది కాలర్ ఎముకల) పైన ఇది చురుకుగా ఉంటుందని 2009లో పెట్ స్కాన్ల (ఒంట్లో ఏ భాగం ఎక్కువ ఇంధనం వాడుతోందో చూపే స్కాన్ల) ద్వారా తేటతెల్లమైంది. 2021లో అమెరికాలో 52,000 మందికి పైగా రోగుల స్కాన్లను పరిశీలించగా, ఈ కొవ్వు కనిపించినవారిలో మధుమేహం, గుండె రక్తనాళాల జబ్బు తక్కువగా ఉన్నాయి. అయితే కొవ్వు వల్లనే జబ్బు తగ్గిందని ఆ లెక్క రుజువు చేయదు.

ఇక సూదుల విషయం. మణికట్టు ముడతకు మూడు వేళ్ల పైన, ముంజేతి లోపలివైపు రెండు స్నాయువుల (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ల) నడుమ నైగ్వాన్ అనే ఆక్యుపంక్చర్ బిందువు ఉంది. అక్కడ సూది గుచ్చి సన్నని విద్యుత్తు పంపితే నాడులు స్పందిస్తాయి. గోధుమరంగు కొవ్వుకు ఆజ్ఞలు అందేదీ నాడుల ద్వారానే, ఆ కొవ్వు ఎఫ్‌జీఎఫ్21 అనే హార్మోను వంటి, గుండెకు మేలు చేయవచ్చని భావించే పదార్థాలను రక్తంలోకి వదలగలదు కూడా. అందుకే శాస్త్రజ్ఞులకు దీనిపై ఆసక్తి, నాకూ ఆశ ఉంది. కానీ ఎలుకలపై చేసే ఈ తరహా ప్రయోగాలలో చూసేది, మూసుకుపోయిన నాళం తెరుచుకుని రక్తం మళ్లీ పారిన ఘడియలలో గుండె కండరానికి తగిలే దెబ్బను. మీ నాన్నగారికి ఆ ఘడియ దాటి మూడు నెలలైంది. పైగా రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారికి సూది గుచ్చినచోట నెత్తురు కమ్మవచ్చు. పేస్‌మేకర్ ఉంటే కరెంటు సూదుల జోలికే పోకూడదు.

చలికి ఈ కొవ్వు మేలుకునే మాట నిజమే. అయితే దాన్ని మేల్కొలిపే సింపథెటిక్ నాడులే (ఒంటిని అత్యవసరానికి సిద్ధం చేసేవి) రక్తనాళాలను బిగించి, రక్తపోటు పెంచి, కోలుకుంటున్న గుండెపై బరువు మోపుతాయి. నాన్నగారి మనసు కష్టపెట్టకుండా, ఈ మాఘానికి ఒక చెంబెడు నాగావళి నీళ్లు ఇంటికే తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, కాస్త పొద్దెక్కాక స్నానం చేయించండి.