దొడ్డుప్పు చెమ్మగిల్లుతోందా?

ప్రశ్న: ముసురు పడితే చాలు, జాడీలో దొడ్డుప్పు నీళ్లు కారుతోంది. కోడలు కొన్న ఉప్పు గ్రైండర్ అసలే తిరగట్లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పే చెమ్మ పీలుస్తుందమ్మా. దొడ్డుప్పులో మిగిలే మెగ్నీషియం క్లోరైడ్ అంతకు చాలా ముందే మొదలుపెడుతుంది. మట్టి మూకుట్లో సన్న సెగ మీద వేయించి, బాగా చల్లారాకే జాడీలో పోయండి. ఇనుప మూకుడు వద్దు, తుప్పు పడుతుంది. అయోడిన్ ఉప్పును వేయించొద్దు, అయోడిన్ తగ్గిపోతుంది.

ఇక గ్రైండర్. వానను తిట్టకండి, పప్పుచారు ఆవిరిని తిట్టండి! ఉడికే గిన్నె మీదే తిప్పితే ఆవిరంతా పళ్ల సందుల్లోకి పోయి ఉప్పు గడ్డకడుతుంది. చిన్న ప్లేటులో తిప్పుకుని, చారులో వేయండి. ఇప్పుడు పట్టేసిందాన్ని కడగొద్దు. ఉప్పు ఒంపేసి, పాత టూత్‌బ్రష్‌తో పొడిగా గీకితే చాలు. బియ్యం గింజలు జాడీలో వేసుకోండి, గ్రైండర్‌లో కాదు.